బరువు ఎత్తడం కాదు... దించడం నేర్చుకోండి!

"చెయ్యి బెణికిందండీ, డాక్టరుగారూ! మూడు వారాలుగా తైలం మర్దనా చేయిస్తున్నాను. నొప్పి తగ్గింది గాని బలం రావడం లేదు" అంటూ వచ్చాడు ఒక కుర్రాడు. వయస్సు 24. చక్కని శరీరం. చొక్కా విప్పమన్నాను.

రెండు చేతులూ నడుముకి ఆనించి గట్టిగా నొక్కమంటే అసలు సంగతి బయటపడింది. చంకకు ముందు భాగాన ఉండే దళసరి కండమడత ఎడమ వైపున తాడులా బిగుసుకుంది. కుడి వైపున మడత లేదు. ఆ చోట చిన్న గుంట పడింది. "మొదటివారం జబ్బంతా నల్లగా కమిలిపోయింది కదూ?" అని అడిగాను. "మీకెలా తెలుసండీ?" అన్నాడు ఆశ్చర్యంగా.

జరిగింది ఇదీ. అతను రోజూ బెంచ్ ప్రెస్‌లో 60 కిలోలు ఎత్తుతున్నాడు. పక్క బెంచీ మీది స్నేహితుడు 80 ఎత్తాడు. "వెయ్యరా, ఏం కాదు!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. వేశాడు. మొదటిసారి ఎలాగో లేచింది. రెండోసారి బార్ ఛాతీ మీదికి దిగుతుండగా "టప్"మని గుడ్డ చిరిగినట్టు చప్పుడు! ఛాతీ కండరాన్ని చేతి ఎముకకు కట్టి ఉంచే స్నాయువు తెగిపోయింది. అది బెణుకు కాదు. తైలానికి లొంగేదీ కాదు.

"ఆపరేషన్ చేయించుకోవాలి" అన్నాను. కుర్రాడు తెల్లబోయాడు. "పన్నెండు రోజుల్లో నా పెళ్ళండీ!" అన్నాడు.

ఆ పెళ్ళి సంగతి చివర చెబుతాను. ముందు ఒక్క విషయం గమనించండి. అతనికి దెబ్బ తగిలింది బరువు ఎత్తేటప్పుడు కాదు, దించేటప్పుడు! ఈ వారం మీకు చెప్పదలచుకున్నది అంతా ఇందులోనే ఉంది.

ఏమిటీ బెంచ్ ప్రెస్?

బల్ల మీద వెల్లకిలా పడుకొని, బరువులు తగిలించిన బార్‌ను ఛాతీ మీదికి దించి, మళ్ళీ చేతులు నిటారుగా అయ్యేదాకా పైకి నెట్టడమే బెంచ్ ప్రెస్. మన తాతల నాటి దండీలకు ఇది తిరగేసిన రూపం. ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్నాడని పెద్దలు చెప్పుకొనే కోడి రామమూర్తి నాయుడు కాలంలో మన తాలింఖానాలలో ఈ బెంచీలు లేవు. దండీలూ, బస్కీలూ, కుస్తీ, అంతే.

దండీ తీసేటప్పుడు మన శరీరం బరువులో సుమారు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది. అంటే 60 కిలోల మనిషి ఒక్కొక్క దండీకీ దాదాపు 40 కిలోలు నెడుతున్నాడన్నమాట. కనుక వరుసగా 15 దండీలు శుభ్రంగా తియ్యలేనివారు బెంచీ జోలికి తొందరపడి పోనక్కరలేదు. ముందు దండీలు తియ్యండి. ఖర్చు లేదు, ప్రమాదమూ తక్కువ.

దించేటప్పుడే ఎందుకు?

బార్ కిందికి దిగుతున్నప్పుడు ఛాతీ కండరం ఒక పక్క బిగుసుకొని బరువును ఆపుతూ, మరో పక్క సాగుతూ ఉంటుంది. బార్ ఛాతీని తాకే ముందు ఆ సాగుదల అత్యధికంగా ఉంటుంది. ఆ క్షణంలో శక్తికి మించిన బరువు పడినా, బార్‌ను ధబాలున వదిలినా స్నాయువు తెగవచ్చు. ఛాతీ స్నాయువు తెగి వచ్చేవారిలో ఎక్కువమంది 20-40 ఏళ్ళ మధ్య మగవారు. వారిలోనూ ఎక్కువమందికి అది తెగింది బెంచ్ ప్రెస్ చేస్తూనే.

ఇంకొక రహస్యం కూడా ఉంది. కండరానికి రక్తప్రసారం ఎక్కువ. అది కొద్ది వారాల్లోనే బలం పుంజుకుంటుంది. స్నాయువుకు రక్తం తక్కువ. అది గట్టిపడడానికి నెలలు కావాలి. ఎద్దు బలిసింది గాని పలుపుతాడు పాతదే! అందుకే "నిన్నటి కంటె ఇవాళ బలంగా ఉన్నాను" అనిపించిన రోజునే మరింత జాగ్రత్త అవసరం.

పడుకునే పద్ధతి

బరువు ముట్టుకోక ముందే సగం పని అయిపోవాలి.

రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించండి. పిరుదులు, వీపు పైభాగం, తల బల్లను వదలకూడదు. రెక్క ఎముకలు రెండింటినీ వెనక్కి లాగి, కాస్త కిందికి దించి, వాటి మధ్య ఒక పెన్సిలు పట్టుకున్నట్టుగా బిగించండి. ఇదే పునాది. ఈ బిగింపు సడలితే భుజం కీలు ముందుకు జారి, బరువంతా దాని మీద పడుతుంది.

బార్‌ను మరీ ఎడంగా పట్టుకోవద్దు. భుజాల వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటకుండా చూసుకోండి. బార్ ఛాతీని తాకినప్పుడు ముంజేతులు రెండూ నేలకు నిట్టనిలువుగా ఉన్నాయంటే పట్టు సరిగ్గా ఉన్నట్టే. బొటనవేలు తప్పనిసరిగా బార్‌ను చుట్టి ఉండాలి. నాలుగు వేళ్ళ మీదనే బార్‌ను నిలిపి, బొటనవేలిని వాటి పక్కన చేర్చి ఎత్తేవారున్నారు. బార్ జారిందంటే అది పడేది గొంతు మీదనో, ఛాతీ మీదనో! బార్ బరువు మణికట్టుకు సూటిగా పైన, అరచేతి మడమ మీద ఉండాలి గాని వేళ్ళ వైపు వాలకూడదు.

మోచేతులను పక్కలకు పూర్తిగా చాచి, శిలువ వేసినట్టు ఉంచవద్దు. శరీరానికి 45 నుంచి 70 డిగ్రీల కోణంలో ఉంటే భుజానికి ఒరిపిడి తగ్గుతుంది. బార్ దిగవలసిన చోటు మెడ దగ్గర కాదు, చనుమొనల మట్టానికి లేదా కొంచెం కిందికి.

ఇక దించడం. మనసులో "ఒకటి, రెండు" అని లెక్కపెట్టుకుంటూ దించండి. ఛాతీని సుతారంగా తాకనిచ్చి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు నెట్టండి. బార్‌ను ఛాతీ ఎముకల మీద బంతిలా ఎగరేయించి లేపడం బలం కాదు, మోసం. పోటీల్లో అలా చేస్తే ఆ ఎత్తు చెల్లదు కూడా.

పోలియోతో కాళ్ళు పోగొట్టుకున్న మన దేశపు రాజిందర్ సింగ్ రహేలూ 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో 56 కిలోల తరగతిలో కాంస్యం గెలిచాడు. ఎత్తింది 157.5 కిలోలు! తన బరువుకు రెండున్నర రెట్లకు పైనే. ఆ పోటీల్లో కూడా బార్‌ను ఛాతీ మీద కదలకుండా ఆపిన తరువాతనే పైకి నెట్టాలి. అంత బరువును ఆపి ఎత్తినవాడు ఒకడుండగా, 60 కిలోలను ఆపలేక ఎగరేసేవాడు ముందు బరువు తగ్గించుకోవడం మంచిది.

బరువు ఎలా పెంచాలి?

చాలామంది ఖాళీ బార్‌ను చిన్నచూపు చూస్తారు. ప్రామాణికమైన బార్ బరువే 20 కిలోలు. మొదటి నెల దానితోనే పద్ధతి నేర్చుకోండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

వారానికి రెండు రోజులు చాలు. మధ్యలో కనీసం రెండు రోజుల విరామం ఉండాలి. 8 సార్లు చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి. ప్రతి విడత చివరా "ఇంకో రెండుసార్లు ఎత్తగలను" అనిపించే స్థితిలోనే ఆపెయ్యండి. చేతులు గజగజ వణికేదాకా ఎత్తనక్కరలేదు. మూడు విడతలూ ఎనిమిదేసి సార్లు, పద్ధతి చెడకుండా, వరుసగా రెండు రోజులు చేయగలిగితే అప్పుడు రెండు వైపులా కలిపి 2.5 కిలోలు పెంచండి. అంతకు మించవద్దు.

"అంతేనా?" అని పెదవి విరవకండి. పక్షానికి 2.5 కిలోల చొప్పున పెరిగితే సంవత్సరానికి 65 కిలోలు! కాగితం మీది లెక్క ఇది. మొదటి నెలలు దాటాక ఈ వేగం ఎవరికీ నిలవదు. అందులో సగం సాధించినా మీ స్నేహితులు నోరు తెరుస్తారు.

అసలు బరువుకు ముందు చిన్న బరువులతో ఒళ్ళు వేడెక్కించుకోవాలి. ఉదాహరణకు ఆ రోజు ఎత్తవలసింది 60 కిలోలనుకోండి. ఖాళీ బార్‌తో 10 సార్లు, 40 కిలోలతో 5 సార్లు, 50 కిలోలతో 3 సార్లు, ఆ తరువాతనే 60.

తోడు లేనిదే వద్దు

ఇంటి మేడ మీద ఒంటరిగా బెంచ్ ప్రెస్ చేయడం ప్రాణాంతకం కావచ్చు. బార్ మెడ మీద పడి చనిపోయినవారున్నారు. తల దగ్గర ఒక మనిషి నిలబడి, పాటలు వింటూ కాదు, బార్ మీదనే చూపు ఉంచి కాచుకోవాలి. ఎన్నిసార్లు ఎత్తబోతున్నారో అతనికి ముందే చెప్పండి. తోడు లేని రోజున, రెండు పక్కలా అడ్డు కడ్డీలున్న స్టాండు లేకపోతే, డంబెల్సుతో గాని దండీలతో గాని సరిపెట్టుకోండి.

వీపును మరచిపోకండి

అద్దంలో కనబడేది ఛాతీ. కనబడనిది వీపు. అందుకే కుర్రాళ్ళు ఛాతీకి వారానికి నాలుగు రోజులు, వీపుకు ఒక్క రోజు కేటాయిస్తారు. మన పెద్దవాళ్ళు రోజూ నూతిలో నీళ్ళు తోడేవారు. అది లాగే పని, వీపుకు మంచి వ్యాయామం. మనమో, రోజంతా కంప్యూటరు ముందూ, ఫోను ముందూ భుజాలు వంచి కూర్చుంటాం. దాని మీద ఛాతీ వ్యాయామం ఒక్కటే చేస్తే భుజాలు మరింత ముందుకు వంగుతాయి. నెట్టిన ప్రతి విడతకూ లాగే విడత ఒకటి చెయ్యండి. బార్‌ను వంగి పొట్ట వైపు లాగడం గాని, కడ్డీ పట్టుకు వేలాడి పైకి లేవడం గాని ఏదైనా సరే. వీపు బలపడితే బెంచ్ ప్రెస్‌కు బల్ల మరింత గట్టిపడినట్టే.

ఏ నొప్పి మంచిది, ఏది చెడ్డది?

మర్నాడు మొదలై, రెండు వైపులా సమానంగా, కండమీద సలుపుగా ఉండి, రెండు మూడు రోజుల్లో తగ్గే నొప్పి సహజం. దానికి భయపడవద్దు.

భుజం ముందు భాగంలో ఒకేచోట పొడిచినట్టుండే నొప్పి, ఆ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పట్టనివ్వని నొప్పి, వేళ్ళ తిమ్మిరి - ఇవి హెచ్చరికలు. బెంచ్ ప్రెస్ ఆపి డాక్టరుకు చూపించండి.

చప్పుడు వినబడి, వెంటనే బలం పోయి, జబ్బ కమిలితే మర్దనా చేయించవద్దు. చేతిని గుడ్డతో మెడకు కట్టుకొని, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టి, ఒకటి రెండు రోజుల్లోనే ఎముకల డాక్టరును కలవండి. తెగిన స్నాయువును మొదటి కొద్ది వారాల్లో కుట్టడం తేలిక. ఆలస్యమైనకొద్దీ కండరం లోపలికి ముడుచుకుపోతుంది.

ఇక ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండి, చెమట పట్టి, ఆయాసం వస్తే అది కండ నొప్పి అనుకొని ఇంటికి పోవద్దు. తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి. వయస్సు 25 అయినా సరే.

తరచు అడిగే సందేహాలు

ప్రశ్న: త్వరగా కండ పెరగడానికి ఇంజక్షన్లు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ స్టెరాయిడ్లు కండను వేగంగా పెంచుతాయి, స్నాయువు వెనకబడిపోతుంది. తెగేది అప్పుడే. గుండె, కాలేయం, సంతానశక్తి కూడా దెబ్బతింటాయి. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పాలు, వేరుశనగలు, చికెన్ తినండి. కసరత్తు చేసేవారికి శరీరం బరువు కిలోకు రోజుకు 1.6 గ్రాముల వరకు మాంసకృత్తులు చాలు. 60 కిలోల మనిషికి 96 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములుంటాయి, లెక్క మీరే వేసుకోండి. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

ప్రశ్న: నా వయస్సు 48. రక్తపోటు ఉంది. బెంచ్ ప్రెస్ చెయ్యవచ్చా?

జవాబు: రక్తపోటు అదుపులో ఉండి, మీ డాక్టరు సరేనంటే తేలిక బరువులతో చెయ్యవచ్చు. ఊపిరి మాత్రం బిగబట్టకండి. బిగబట్టి బరువు నెడితే రక్తపోటు ఒక్కసారిగా పైకి పోతుంది. దించేటప్పుడు గాలి పీల్చి, నెట్టేటప్పుడు వదలండి. గిలక, కంటి నీటికాసులు ఉన్నవారు డాక్టరు అనుమతి లేకుండా బరువులు ఎత్తరాదు.

ఇక ఆ కుర్రాడి పెళ్ళి సంగతి. పెద్దలతో మాట్లాడి, ఆపరేషన్ ముందుగానే చేయించుకున్నాడు. మెడలో వేలాడే పట్టీతోనే పీటల మీద కూర్చున్నాడు. మూడు ముళ్ళు వెయ్యడానికి చెల్లెలు చెయ్యి సాయం పట్టిందట. ఆరు నెలలకు పైగా బార్ ముట్టుకోలేదు. ఈ మధ్య కనిపించి, "ఖాళీ బార్‌తో మొదలుపెట్టానండీ. దించేటప్పుడు రెండు లెక్కపెడుతున్నాను" అన్నాడు నవ్వుతూ.

మీరు ఆపరేషన్ దాకా ఆగకుండా, ఇవాళే లెక్కపెట్టడం మొదలుపెట్టండి.