రెండు కొత్తగూడల మధ్య

నా ఆధార్ కార్డులో ఊరు కొత్తగూడ. ఫుడ్ డెలివరీ యాప్‌లో అడ్రస్ కూడా కొత్తగూడే. మొదటిది మహబూబాబాద్ జిల్లాలో, పాకాల అడవి దాటాక వచ్చే మా మండలం. రెండోది హైదరాబాద్‌లో, కొండాపూర్ పక్కన ఫ్లైఓవర్ ఉన్న కొత్తగూడ. "ఊరు మారకుండనే సిటీకి పోయినవ్ కదరా" అని దోస్తులు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. రెండేళ్ల కింద ఆ నవ్వు ఆగిపోయింది.

ఏమైంది అని అడిగితే చెప్పడానికి నా దగ్గర కథ లేదు. బ్రేకప్ కాదు, ఉద్యోగం పోలేదు, అప్పులు లేవు. పొద్దున లేవబుద్ధి అయ్యేది కాదు, అంతే. పది గంటల మీటింగ్‌కు కెమెరా ఆపేసి, పడుకునే "నిన్నటి పనే చేస్తున్నా" అని చెప్పేవాణ్ని. ఉతకాల్సిన బట్టలు కుర్చీ మీద గుట్టయ్యాయి. బిర్యానీ తిన్నా, పెరుగన్నం తిన్నా రుచి ఒకటే. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. ఆ టైమ్‌లో వచ్చే ఆలోచనల్లో, నేను లేకపోతే ఎవరికీ పెద్ద తేడా ఉండదు అనేది రోజూ ఉండేది.

మాది క్రైస్తవ కుటుంబం. సండే స్కూల్ నుంచి నాకు బైబిల్ తెలుసు. ఫోన్‌లో బైబిల్ యాప్ రోజూ ఆరింటికి ఒక వాక్యం పంపేది. అంతకుముందు అది చదవందే బ్రష్ ముట్టని నాకు, ఆ నోటిఫికేషన్ ఈఎంఐ మెసేజ్‌లా అనిపించడం మొదలైంది. కట్టాల్సింది కట్టలేదని గుర్తుచేసే మెసేజ్.

నా రూమ్మేట్ చర్చికి వెళ్లేవాడు కాదు. ఒక శనివారం ఏం అడక్కుండా బండి తీసి, "ఎక్కు" అన్నాడు. సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లి రెండు గంటలు బయట కూర్చున్నాడు. డాక్టర్ డిప్రెషన్ అన్నారు. మాత్ర రాసి, పని చేయడం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చని, బాగున్నా సొంతంగా ఆపొద్దని చెప్పారు. నెలన్నరకు నిజంగానే కొంచెం తేలికైంది. అన్నం రుచి తెలిసింది.

అప్పుడే నేను తప్పు చేశా. నేను వెళ్లే ఒక ప్రార్థన కూడికలో 21 రోజుల ఉపవాసం జరుగుతోంది. మాత్రల సంగతి విని, "దేవుని మీద ఆధారపడుతున్నావా, బిళ్ల మీదా?" అని అక్కడొకరు అడిగారు. చెడ్డ మనసుతో కాదు, ప్రేమగానే అడిగారు. అందుకే ఆ మాట అంత లోపలికి దిగింది. మాత్రలు ఆపేశా. ఇరవై ఒకటో రోజు మైకు పట్టుకుని, "దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు" అని సాక్ష్యం చెప్పా. లైవ్‌లో వెళ్లింది. వీడియో మా ఊరి వాట్సాప్ గ్రూపు దాకా చేరింది. అమ్మ దాన్ని ఎంతమందికి చూపించిందో!

కొన్ని వారాలకు అదంతా తిరిగొచ్చింది, ముందుకంటే గట్టిగా. ఈసారి ఇంకో బరువు కూడా ఉంది. సాక్ష్యం చెప్పేసినవాడు మళ్లీ పడిపోయాడని ఎవరికి చెప్పుకోవాలి? చెబితే దేవుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టు కాదా? ఆ రోజుల్లో డిప్రెషన్ కంటే ఆ వీడియోనే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఒక రాత్రి ఆలోచనలు నా చేయి దాటుతున్నాయని తెలిసి 14416కి ఫోన్ చేశా. అది టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలి మనిషి నన్ను బోధించలేదు. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగి, రూమ్మేట్‌ను లేపే దాకా లైన్‌లో ఉన్నారు. తెల్లారి వాడే నర్సంపేట దాకా వచ్చి ఊరి బస్సు ఎక్కించాడు.

ఇంట్లో అమ్మకు అంతా చెప్పా, మాత్రలు ఆపడం కూడా. వీడియో గురించి చెబుతుంటే ఏడుపొచ్చింది. అమ్మ లేచి తన బైబిల్ తెచ్చింది. వాక్యం చదువుతుందేమో అనుకున్నా. కవర్ జిప్ తీసి లోపలి నుంచి ఒక స్ట్రిప్ లాగింది. బీపీ గోలీలు.

"ఏడేండ్ల సంది ఏసుకుంటున్న. రోజు ప్రార్థన జేసే ఏసుకుంట. దేవుడు నన్నేమన్న అన్నడా? నువ్వు గోలి ఎందుకు ఇడిచిపెట్టినవ్ బిడ్డా?"

నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదివినా ఇంత సింపుల్ లాజిక్ నాకు తట్టలేదు.

డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి మాత్ర మళ్లీ మొదలుపెట్టా. ఇంటి దగ్గర నెల రోజులు పడుకోవడం, తినడం, మొక్కజొన్న చేను దాకా నడవడం, ఇదే పని. పెద్ద ప్రార్థనలు నా వల్ల కాలేదు. అప్పుడు చదివిందే ఏలీయా కథ. చిన్నప్పుడు ఫ్లానెల్ బోర్డు మీద ఆకాశం నుంచి అగ్ని దింపిన హీరోగా తెలుసు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో అదే మనిషి అడవిలో చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అని అడుగుతాడు. దేవుడు ఏం చేశాడో చూడండి. విశ్వాసం తక్కువైందని తిట్టలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. ప్రయాణం నీకు ఎక్కువ దూరం అన్న సంగతి దేవుడే ఒప్పుకున్నాడు. మాటలన్నీ ఆ తర్వాతే.

88వ కీర్తన ఇంకా ఆశ్చర్యం. మిగతా దుఃఖ కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతికి తిరుగుతాయి. ఇది తిరగదు, చీకట్లోనే ముగుస్తుంది. అయినా దాన్ని ఎవరూ బైబిల్‌లోంచి తీసేయలేదు. మన సాక్ష్యాలేమో సినిమాల్లా, ఇంటర్వెల్‌లో కష్టం, క్లైమాక్స్‌లో విడుదల. మధ్యలో ఉన్నవాడు మైకు పట్టుకునే చోటే లేదు. 19వ శతాబ్దంలో లండన్‌లో వేలమందికి బోధించిన స్పర్జన్ తన డిప్రెషన్ గురించి విద్యార్థులకు దాచకుండా చెప్పాడు. మనం ఆయన ప్రసంగాలు ఫార్వర్డ్ చేస్తాం, ఆ ఒక్కటి తప్ప.

డిసెంబర్‌లో చిన్నమ్మను చూడడానికి అమ్మతో డోర్నకల్ వెళ్లా. మా జిల్లాలోనే ఉన్నా, అక్కడి కెథడ్రల్‌ను పెద్దయ్యాక చూడడం అదే మొదటిసారి. గుమ్మటాలు చూస్తే మసీదులా, స్తంభాలు చూస్తే గుడిలా ఉంటుంది. 1939లో ప్రతిష్ఠించారు. కట్టించింది బిషప్ అజరయ్య. తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చుకుని మా ప్రాంతానికి వచ్చినవాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో మాట్లాడుతూ ఆయన అడిగింది డబ్బు కాదు, భవనాలు కాదు. మీ త్యాగాలు మాకు తెలుసు, మాకు స్నేహితులు కావాలి అన్నాడు. ఆయన చెప్పింది తెల్లవాళ్లకూ మనవాళ్లకూ మధ్య ఉన్న దూరం గురించి. నాకు మాత్రం బయట కూర్చున్న రూమ్మేట్, లైన్‌లో ఉన్న ఆ గొంతు, జిప్ తీసిన అమ్మ గుర్తొచ్చారు. నేను ప్రార్థించినప్పుడల్లా అడిగింది మెరుపు. వచ్చింది వీళ్లు.

ఇప్పుడు మళ్లీ హైదరాబాద్ కొత్తగూడలో ఉన్నా. డాక్టర్ మోతాదు తగ్గిస్తున్నారు, ఆయన లెక్క ప్రకారమే. చెడ్డ రోజులు ఇంకా వస్తాయి. ఆ రోజు బైబిల్ తెరవకపోయినా దేవుడు నా మీద అలగడని నమ్ముతున్నా. ఈ ఒక్కటి నమ్మడానికి నాకు ఏడాది పట్టింది.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు ఊళ్లో ఉన్నా. సాక్ష్యాల టైమ్‌లో లేచా. కాళ్లు వణికాయి. "పోయినసారి పూర్తిగా బాగయిందని చెప్పిన. కాలేదు. గోలీలు ఏసుకుంటున్న. దేవుడు తోడున్నడు" అని కూర్చున్నా. చప్పట్లు లేవు. ఎవరో ఒకరు స్తోత్రం అన్నారు, కొంచెం అనుమానంగా.

కేకు పంచుతుంటే ఒక పెద్దమ్మ నన్ను గోడ పక్కకు పిలిచింది. చేతిలో బటన్ ఫోన్. ఆ నంబర్ ఏదో ఎక్కించు బిడ్డా అంది. 14416 కొట్టి, ఏ పేరుతో సేవ్ చేయాలి పెద్దమ్మా అని అడిగా.

వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో చూసి, "నీ పేరు మీదనే పెట్టు" అంది.