ఏ ఆట మనలను లేవనిస్తుంది?

గత వేసవిలో వి.బి.ఎస్. ముగింపు కూడిక అయిపోయి షామియానా ఇంకా విప్పకముందే, మా సంఘస్థుడైన ఒక కౌలురైతు తన కొడుకు చెయ్యి పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అబ్బాయి తొమ్మిదవ తరగతి. ఎరువుల కోసం బ్యాంకులో ఉంచుకున్న డబ్బులో 8,600 రూపాయలు ఫోనులోని ఒక ఆటకు పోయాయి. ఒకేసారి కాదు, పదకొండు సార్లుగా. ఆటలోని బొమ్మమనిషికి కొత్త చొక్కా, కొత్త టోపీ, పెట్టె తెరిస్తే ఏమి వస్తుందోనన్న ఆశ, అంతే. పిన్ నంబరు తండ్రి చెప్పినదే. కరెంటు బిల్లు కట్టమని చెప్పాడు.

"అయ్యగారూ, ఈ ఆటలు పాపమా కాదా? ఒక్క మాటలో మీరే చెప్పండి వీడికి" అన్నాడు తండ్రి.

మేము నోరు తెరిచేలోగా అబ్బాయి తల వంచుకొనే, "అయ్యగారు ఎప్పుడైనా ఆడి చూశారా?" అన్నాడు. తండ్రి చెయ్యి ఎత్తాడు. మేము ఆపాము. ఆ ప్రశ్న న్యాయమైనది. ప్రసంగ వేదిక మీద నుండి సెల్‌ఫోను ఆటలను ఎన్నిసార్లు ఖండించామో లెక్కలేదు గాని, ఒక్కదానినైనా కూర్చుని చూచినవారము కాము.

కాబట్టి చూచాము. సండేస్కూలు టీచరుగారు ఒకరు, ఇంజనీరింగు చదువుతూ హాస్టలు నుండి సెలవులకు వచ్చిన ఒక యౌవనస్థుడు, మేము. అతని లాప్‌టాపు, మా ఫోను. నెలన్నరపాటు సాయంకాల ప్రార్థన తరువాత గంటసేపు. తల్లిదండ్రులైన చదువరుల కొరకు, మాకు అనిపించినది అనిపించినట్లే వ్రాస్తున్నాము.

ముందుగా పిల్లలందరి నోట ఉన్న తుపాకీ ఆట. పబ్జీ అనే పేరుతో మన పల్లెలకు వచ్చిన దానిని కేంద్ర ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించింది. 2021 జూలైలో దక్షిణ కొరియా కంపెనీవారు దానినే బీజీఎంఐ అని భారతదేశము కొరకు వేరే పేరుతో తెచ్చారు. 2022 జూలైలో అదీ తీసివేయబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. వంద మంది విమానములో నుండి దూకి ఒక దీవి మీద దిగుతారు, దొరికిన ఆయుధము తీసుకుంటారు, నిలువదగిన స్థలము అంతకంతకు చిన్నదవుతుంది, చివరకు మిగిలినవాడు గెలుస్తాడు. దాదాపు అరగంట పని. నిజము చెప్పాలంటే బాగా తయారైన ఆట. నలుగురు జట్టుగా ఆడేటప్పుడు ఒకరికొకరు కాపు కాస్తారు, పడిపోయినవాని దగ్గరకు పరుగెత్తి లేపుతారు. మన యౌవనస్థుల కూడికలో ఆ మాత్రము ఐకమత్యము కనబడదే అని మాకు కొంత సిగ్గు వేసింది. అయినను, అందులో చంపుటే పని. పదీ పన్నెండేళ్ళ పిల్లలకు అది తగదని మా తీర్పు. 18 ఏళ్ళ లోపువారు రోజుకు మూడు గంటలే ఆడాలని ఆటలోనే హద్దు పెట్టారు. తండ్రి పేరున తెరిచిన ఫోనులో ఆడేది తండ్రో కొడుకో దానికెట్లా తెలుస్తుంది? పైగా మూడు గంటలు తక్కువా! మన ఆదివారపు ఆరాధన రెండు గంటలు దాటితే గడియారము చూచుకునేవారున్నారు.

అయితే తుపాకీ ఆటకంటె మిఠాయిల ఆట మమ్మును ఎక్కువగా కలవరపెట్టింది. క్యాండీ క్రష్ 2012లో వచ్చింది. రక్తము లేదు, చెడ్డ మాట లేదు. ఒకే రంగు మిఠాయిలను మూడేసి వరుసలో చేర్చుటే. మా శ్రీమతి కూడా ఆడుతుందని మాకు అప్పుడే తెలిసింది. ఐదు ప్రాణాలు ఇస్తారు. అవి అయిపోతే ఒక్కొక్క ప్రాణము తిరిగి రావడానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. మెట్లు పది వేలకు పైగా ఉన్నాయి, ఇంకా కలుపుతూనే ఉన్నారు. అంటే గెలిచి, ముగించి, తృప్తిగా లేచే రోజంటూ ఒకటి లేదు. ఇక్కడే మాకు ఒక కొలత దొరికింది. అందులో కత్తులున్నాయా, బొమ్మలున్నాయా అన్నది తరువాత. ముందు అడగవలసినది: ఈ ఆట ఎక్కడ ముగుస్తుంది? అన్నానికి పిలిస్తే పిల్లవానిని లేవనిస్తుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆటల వ్యసనమును రోగముల పట్టికలో చేర్చారు. 2022 జనవరి నుండి అది అమలులో ఉన్నది. వారు చెప్పిన లక్షణములలో హింస అన్న మాట లేదు. అదుపు తప్పుట, మిగతా పనులన్నిటికంటె ఆటే ముఖ్యమగుట, నష్టము కనబడుతున్నా మానలేకపోవుట, ఇవే ఉన్నాయి.

పేకముక్కల ఆట తెరవడానికి ఇంజనీరింగు అబ్బాయి జంకాడు, మేమూ జంకాము. పేకాటలో ఎడ్లు, పొలము పోయిన ఇండ్లు చూచినవారము గదా. బలాట్రో అనే ఈ ఆటను కెనడాలో ఒక్కడే తయారుచేసి 2024లో విడుదల చేశాడు. పందెము లేదు, డబ్బు లేదు. ముక్కలు కలిపి లెక్క పెంచుకోవడమే. ఐరోపాలో ఆటలకు వయస్సు నిర్ణయించే పెగీ సంస్థ పేకముక్కలను చూచి దీనికి 18 ఏళ్ళు అని ముద్ర వేసింది. 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గించింది. అదే సంస్థ ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 అనే ఫుట్‌బాల్ ఆటకు మూడేళ్ళు చాలునన్నది. ఆ ఫుట్‌బాల్ ఆటలో నిజమైన డబ్బు పోసి, లోపల ఎవరున్నారో తెలియని ఆటగాళ్ళ పొట్లాలు కొంటారు. ఇటువంటి పెట్టెలు జూదమేనని బెల్జియము దేశపు అధికారులు 2018లోనే చెప్పారు. పైవేషము చూచి తీర్పు తీర్చుటలో మనమొక్కరమే తొందరపడుట లేదని తేలింది. బలాట్రోను మన ఇండ్లలోకి తెమ్మని చెప్పము, "ఇంకొక్కసారి" అనే లాగుడు దానిలోనూ బలముగానే ఉన్నది. అయితే ఆ పొట్లాలకంటె ఇది తక్కువ జూదము. ఇక డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. దానిని గూర్చి వేరే తీర్పు అవసరము లేదు.

వ్యవసాయపు ఆట ఒకటున్నది, స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు బొమ్మలు, సంగీతము, ఆట అంతా నాలుగేళ్ళకు పైగా ఒంటరిగా శ్రమించి 2016లో తెచ్చాడు. తాత వదిలిన బీడు భూమిని బాగుచేసి విత్తాలి, నీరు పోయాలి, కోయాలి. దీనిని చూడటానికి ఆ కౌలురైతునే పిలిచాము. దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు పంట తినడము చూచి తల ఊపాడు. ముల్లంగిలాంటి దుంప నాలుగు రోజులకే పంటకు రావడము చూచి నవ్వాడు. కోసిన దుంపలు పెట్టెలో వేసి పడుకుంటే తెల్లవారేసరికి డబ్బు రావడము చూచినప్పుడు మాత్రము, "దళారీ లేడా అయ్యగారూ?" అని నిజముగానే అడిగాడు. ఊరిలో ఒక సారాకొట్టు, ఒక మాంత్రికుడు ఉన్నారు గనుక పెద్దలు ప్రక్కన ఉండుట మంచిది. ఇందులో ఒక రోజు అంటే మనకు సుమారు 14 నిమిషాలు. పడుకోగానే చేసినదంతా భద్రమవుతుంది, అక్కడ ఆపి లేవవచ్చు.

ఇట్ టేక్స్ టూ (2021) విడిపోవాలనుకున్న భార్యాభర్తల కథ. ఇద్దరు లేకపోతే ఈ ఆట కదలదు. కూతురు ఏడవాలని ఆమె ముద్దుగా చూచుకొనే బొమ్మ ఏనుగును తల్లిదండ్రులే చీల్చే ఘట్టము మాకు నచ్చలేదు. మిగతాది దంపతులు చూడదగినది.

చివరిది డబ్బు కొరకు కాక దుఃఖములో పుట్టినది. దట్ డ్రాగన్, క్యాన్సర్. రయన్ గ్రీన్, ఏమీ గ్రీన్ అనే అమెరికా దేశపు విశ్వాసులైన దంపతుల కుమారుడు జోయెలుకు ఏడాది వయస్సులో మెదడులో క్యాన్సరు కనబడింది. అతడు 2014 మార్చిలో, ఐదేళ్ళ వయస్సులో, ప్రభువునందు నిద్రించాడు. తల్లిదండ్రులు ఆ సంవత్సరాలనే ఆటగా చేసి 2016లో విడుదల చేశారు. రెండు గంటలలో ముగుస్తుంది. గెలుపు లేదు. ఆసుపత్రి గదిలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటాడు. ఎత్తుకున్నా, ఊపినా, తాగించబోయినా ఏడుపు ఆగదు. ఏ మీట నొక్కినా ఫలము లేదు. తండ్రి ప్రార్థిస్తాడు, అప్పుడు బిడ్డ నిద్రపోతాడు. ఆ తండ్రి సందేహాన్ని, తల్లి నిరీక్షణను, ఆ రెంటి మధ్య వారి ఇంటిలో వచ్చిన దూరాన్ని కూడా దాచకుండా చూపారు.

మన టీచరుగారు పదేళ్ళ క్రితము మూడేళ్ళ బిడ్డను జ్వరముతో పోగొట్టుకున్నవారు. ఏడుపు వినగానే "ఆపండి బాబూ" అని బయటకు వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. మేము లాప్‌టాపు మూసి ఊరకున్నాము. కొంతసేపటికి లోపలికి వచ్చి, "తరువాత ఏమయిందో చూడాలి" అన్నారు. ఆఖరువరకు చూచి, ఏమీ మాట్లాడకుండా చెప్పులు వేసుకొని వెళ్ళిపోయారు. మరుసటి ఆదివారము క్లాసులో, మునుపెన్నడు లేనిది, తన బిడ్డ పేరు పిల్లలకు చెప్పారట.

కౌలురైతుకు మేము ఒక్క మాటలో జవాబు చెప్పలేదు. మొదట పిన్ నంబరు మార్పించాము. అబ్బాయి సెలవులలో కలుపు తీయడానికి వెళ్ళి 2,400 వరకు తండ్రి చేతిలో పెట్టాడు, మిగతాది దసరాకు అన్నాడు. శనివారము సాయంత్రము గంటసేపు, హాలులో, నలుగురి ఎదుట ఆడుకోవడానికి ఒప్పుకున్నాము. ఏ ఆట కావాలని అడిగితే దుంపలదే అన్నాడు. లాప్‌టాపు మళ్ళీ సంక్రాంతికి గాని రాదు. ఆ దళారీ లేని ఊరు తాను కూడా మరొకసారి చూస్తానని తండ్రి అన్నాడు.