డాక్టరు గారికి సెలవు చీటీ ఎవరు రాయాలి?

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశాను. వందలకొద్దీ మెడికల్ సర్టిఫికెట్లు నా బల్ల మీదుగా ఫైళ్లలోకి వెళ్లాయి. ఆ కింద సంతకం పెట్టిన డాక్టరుకే ఒంట్లో బాగోకపోతే ఎలా అని ఏనాడూ తోచలేదు.

ఈమధ్య మన సభ్యులొకరు సంఘం ఆఫీసుకు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, డాక్టరైన కొడుకు తాగుడుకు బానిసయ్యాడని కంటతడి పెట్టుకున్నారు. బయటికి పొక్కితే కొడుకు ప్రాక్టీసు, కూతురి సంబంధం రెండూ పోతాయని ఆయన భయం. ఆయన ఒప్పుకున్నాకే, ఊరూ పేరూ లేకుండా ఇది రాస్తున్నాను.

ముందు రెండు విషయాలు వేరు చేసుకోవాలి. పనిభారంతో మనిషి లోలోపల అలిసిపోవడం బర్నవుట్. తీరని అలసట, పని మీద విరక్తి, ఏదీ సరిగా చేయలేకపోతున్నానన్న భావన దాని గుర్తులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, పనిచోటు వల్ల కలిగే స్థితిగా చెప్పింది. కాబట్టి ముందు మారాల్సింది పని తీరు. జాతీయ వైద్య కమిషన్ వేసిన కార్యదళం 2024లో రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 74 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికొక రోజు సెలవు ఇవ్వాలనీ సిఫారసు చేసింది.

వ్యసనం అలా కాదు, అది చికిత్స కావాల్సిన జబ్బు. డాక్టర్లకు ఇందులో చిక్కు ఎక్కువ. మత్తు మందులు చేతికి అందుబాటులో ఉంటాయి. తన వైద్యం తానే చేసుకోగలనన్న ధీమా కూడా ఉంటుంది.

అయినా వీళ్లు కోలుకుంటారు. అమెరికాలో ఇలాంటి వైద్యులకు ముందు చికిత్స ఇప్పిస్తారు. తర్వాత ఏళ్ల తరబడి, ముందుగా చెప్పకుండా మూత్ర పరీక్షలు చేస్తూ, నిఘాలో పనిచేయనిస్తారు. అలాంటి 904 మందిపై 2008లో ఒక అధ్యయనం వచ్చింది. వివరాలు దొరికినవారిలో నూటికి దాదాపు 79 మంది ఐదేళ్ల తర్వాత లైసెన్సుతో పనిచేస్తూనే ఉన్నారు. చికిత్స, నిఘా, తిరిగి పని దొరుకుతుందన్న ఆశ మూడూ కలిసి నడిచాయి.

మన ఇళ్లలో చేయాల్సినవి ఇవి:

• మత్తులో ఉన్న రోజు డ్యూటీకి పంపకండి. పరువు కోసం దాస్తే ఏ పాపం ఎరగని రోగి ప్రాణం మీదికి వస్తుంది.

• బాగా తాగే మనిషి చేత ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ రావచ్చు. ఆసుపత్రి పర్యవేక్షణలోనే మాన్పించాలి.

• వేరే డాక్టరుకు చూపించండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బడిలో కన్నడమో తమిళమో చదివినా, మన బాధ ఇంటి భాషలోనే కదా బయటికొచ్చేది!

• గుట్టు పోతుందని వెనుకాడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం రోగి హక్కు. మద్యం, మత్తుమందుల వ్యసనం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది.

ఆ అబ్బాయి ఇప్పుడు చికిత్సలో ఉన్నాడు. అలాంటివారు రేపు కోలుకుని క్లినిక్ తెరిస్తే, గుమ్మం దగ్గర గుసగుసలాడకండి. ఎప్పటిలాగే దగ్గూ జలుబుతో వెళ్లి కూర్చోండి. ఆ డాక్టరుకు మనం రాసి ఇవ్వగల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అదే.