ఎత్తిన బరువు ఎందుకు రాసుకోవాలి?

పరిగిలో జిమ్‌కెళ్లే మీ అన్న నోట్‌బుక్‌లో ‘స్క్వాట్ 40 × 6’ అని ఉందా? 40 కిలోలు భుజాన వేసుకుని ఆరుసార్లు గుంజీలు తీశాడన్నమాట. రాయకపోతే పోయిన వారం లెక్క గుర్తుండదు. ఊహకొద్దీ బరువు పెంచితే నడుం పట్టేయొచ్చు.

మొదటి వారాల్లో అంకె గబగబా పెరుగుతుంది. కండ పెరిగిందని మురిసిపోకండి! ఉన్న కండనే గట్టిగా వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయంతే. కండ లావెక్కడానికి నెలలు పడుతుంది. అందుకే ఆ తర్వాత అంకె నత్తనడక నడుస్తుంది.

ఒక్కసారికి ఎంత ఎత్తగలడో ఎలా తెలుస్తుంది? 6ను 30తో భాగించి, 1 కలిపి, 40తో గుణించండి: 48 కిలోలు. ఇది అంచనాయే సుమా.

పోటీల్లో మాత్రం నిజంగా ఎత్తిన బరువే లెక్క. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, ఆపై తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు నిలవలేదు. పోటీలో అది మొత్తంలో కలవదు. మీ పుస్తకంలో మాత్రం ఎత్తలేనిదీ రాయండి. కోచ్ పక్కన లేకుండా కొత్త రికార్డు జోలికి వెళ్లకండి.