ప్రజల చరిత్రకారుడు సురవరం ప్రతాపరెడ్డి



అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న ఏ అన్నను, ఏ అక్కను అడిగినా సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి రెండు బిట్లు టక్కున చెప్తారు. గోల్కొండ పత్రిక సంపాదకుడు ఎవరు? తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఏ పుస్తకానికి వచ్చింది? జవాబులు తెలిస్తే రెండు మార్కులు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుని చదివే వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఆ రెండు మార్కుల విలువ నాకు బాగా తెలుసు. కానీ ఆ పుస్తకంలో ఏముందో, దాన్ని ఎందుకు రాశారో గైడ్లలో ఉండదు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. మా తాత పేరు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు. అలాంటి ఇళ్ళ నుంచి హాస్టల్‌కు వచ్చిన మనకు ఈ చరిత్రకారుడు ఎందుకు కావాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జీవితం

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. అది ఆలంపురం ప్రాంతంలో, అంటే నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. బి.ఎల్. చదివి కొంతకాలం వకీలుగా పనిచేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో మంచి పట్టు సంపాదించారు.

అప్పటి హైదరాబాదు పరిస్థితి తెలిస్తేనే ఆయన పని అర్థమవుతుంది. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అయినా దానికి బడిలో గానీ, కచేరీలో గానీ చోటు లేదు. 1921లో హైదరాబాదులోని వివేకవర్ధిని ఆవరణలో జరిగిన ఒక సభలో ఒక వకీలు తెలుగులో మాట్లాడబోతే సభికులు ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1928లో తెలుగు ఆడపిల్లల కోసం బడి పెట్టిన మాడపాటి హనుమంతరావు గారు ఆ సంఘానికి ముఖ్యులు. ఆ బడి నేటికీ మన నారాయణగూడలో ఆయన పేరుతోనే ఉంది.

ఆ వాతావరణంలో ప్రతాపరెడ్డి గారు 1926 మే 10న గోల్కొండ పత్రికను ప్రారంభించారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ‘ఈ రాష్ట్రంలో తెలుగు కవులే లేరు’ అన్న మాట వినబడినప్పుడు తిట్టుకు తిట్టు అప్పజెప్పలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోల్కొండ కవుల సంచిక’ అచ్చువేశారు. లేరన్న వాళ్ళకు లెక్క చూపించడమే ఆయన ఇచ్చిన జవాబు. చరిత్రకారుడి తత్వం అక్కడే కనిపిస్తుంది.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అవార్డు వచ్చింది 1955లో. అంటే తన పుస్తకానికి దక్కిన గౌరవాన్ని ఆయన కళ్ళారా చూడలేదు. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ తెలంగాణ శాసనసభ బిల్లు ఆమోదించింది.

హాస్టల్ విద్యార్థులుగా మనకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. నగర కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామిరెడ్డి గారు 1918లో రెడ్డి హాస్టల్ స్థాపించారు. నారాయణగూడలోని మహిళా కళాశాలకు ఉన్నది ఆయన పేరే. ఆ హాస్టల్ బాధ్యతలు ప్రతాపరెడ్డి గారు కొన్నేళ్ళు చూశారు. ఆ రోజుల్లో హాస్టళ్ళు కులాల వారీగా వెలిశాయి. ఏ కులానికి స్తోమత ఉంటే ఆ కులం పిల్లలకు నగరంలో నీడ దొరికింది. స్తోమత లేని వాళ్ళ పిల్లలకు సర్కారు హాస్టల్ అన్నది చాలా తర్వాతి మాట. ఇది మనం మరిచిపోకూడదు.

పద్యంలో నుంచి చరిత్ర తీయడం

‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 దాకా, దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ జనజీవనం అందులో ఉంది. యుగాలకు రాజవంశాల పేర్లు పెట్టినా, లోపల వెతికింది రాజుల యుద్ధాలను కాదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ వృత్తులు చేశారు, దేన్ని నమ్మారు అన్నదే ఆయన ప్రశ్న.

శాసనాల్లో దానధర్మాలు, బిరుదులు ఎక్కువ. కూలివాడి పూట భోజనం గురించి శాసనం వేయించేదెవరు? అందుకే ఆయన కావ్యాల వైపు తిరిగారు. మనం పద్యాన్ని ప్రతిపదార్థం కోసం చదువుతాం. ఆయన ఆ పద్యాన్ని సాక్షిగా నిలబెట్టి ప్రశ్నలు అడిగారు.

ఉదాహరణకు ‘క్రీడాభిరామం’ తీసుకుందాం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలే అందులో కథ. ఆయన బాగా వాడుకున్న కావ్యాల్లో ఇదొకటి. అందులో ఒక పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన వస్తుంది. ఒక్క రూక ఇస్తే సన్నబియ్యం అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు దొరుకుతాయి. మన మెస్ మెనూ గుర్తొచ్చి నవ్వు రావచ్చు. కానీ చరిత్ర విద్యార్థికి ఇందులో ఎన్ని సంగతులు! డబ్బిచ్చి అన్నం కొనుక్కునే అలవాటు ఉంది. అంటే పొరుగూళ్ళ నుంచి వచ్చిపోయే జనం ఉన్నారు. చెలామణీలో నాణెం ఉంది. గోధుమ తెలుసు. హోటల్ అనే మాట లేకపోయినా ఆ పని చేసే ఇల్లు ఉంది. ఇదీ ఆయన పద్ధతి.

ఇంకొక భోజనం చూడండి. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు జానుతెనుగులో, ద్విపదలో ‘బసవపురాణం’ రాశాడు. అందులో మాదర చెన్నయ్య కథ ఉంది. చోళరాజు ప్రతిరోజూ శివుడికి రాజభోజనం నివేదిస్తాడు. ఒకనాడు శివుడు చెన్నయ్య దగ్గర అంబలి తాగి, ఆ రాజు పెట్టింది ముట్టడు. భక్తి కథే కావచ్చు. కానీ అంబలి ఎవరి ఆహారమో, ఎవరి ఇంటికి ఎవరు పోరో తెలిసిన సమాజమే ఆ కథ వెనుక ఉంది.

మిగిలిపోయిన పేజీలు

ఇక్కడే మనం ఒక ప్రశ్న వేయాలి. ఓరుగల్లులో ఆ రూక భోజనం తిన్నవాళ్ళు కావ్యంలో ఉన్నారు. ఆ వడ్లు నాటినవాళ్ళు, దంచినవాళ్ళు ఎక్కడ? ప్రతాపరెడ్డి గారికి దొరికిన ఆధారాల్లో ఎక్కువ భాగం రాతలో ఉన్నవి. చదువు ఎవరికి అందిందో రాత వాళ్ళ చేతిలోనే ఉంది. చెన్నయ్య కథ కూడా చెన్నయ్య రాసుకున్నది కాదు. ఇది ఆయన శ్రమను తక్కువ చేయడం కాదు. ఆయన వేసిన బాటలో ఎంత దూరం వచ్చామో, ఇంకా ఎంత నడవాలో చూసుకోవడం.

ఆయన కాలంలోనే, ఈ నగరంలోనే, భాగ్యరెడ్డివర్మ గారు దళితుల పిల్లలకు బడులు నడిపారు. 1906లో జగన్‌మిత్ర మండలి స్థాపించారు. 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టారు. సొంత పత్రిక ఎందుకు? మన మాట మనం రాయకపోతే మనం లేనట్టే లెక్క కాబట్టి. ‘కవులే లేరు’ అన్న మాటకు ప్రతాపరెడ్డి గారు చూపించిన లెక్క కూడా ఇలాంటిదే.

మనం చేయగలిగింది

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! దసరాకో సంక్రాంతికో ఊరికి పోయినప్పుడు ఒక రెండొందల పేజీల నోటుబుక్కు వెంట తీసుకుపోండి. నాయనమ్మను, తాతను కూర్చోబెట్టి అడగండి. చిన్నప్పుడు రోజు కూలి ఎంత, డబ్బులిచ్చేవారా గింజలిచ్చేవారా? గింజలైతే సోలతోనా, మానికతోనా? వెట్టి ఎవరింట్లో చేశారు? కరువులో ఏం తిన్నారు? వలస ఏ ఊరికి పోయారు? నాట్లప్పుడు ఏ పాట పాడేవారు? బావి దగ్గర నీళ్ళు ఎవరు పోసేవారు?

వాళ్ళకు తేదీలు తెలియవు. అయినా ‘రజాకార్ల కాలంలో నాకు పెండ్లి కాలేదు’ అంటే మనకు 1948 అనే గుర్తు దొరికినట్టే. కళ్ళతో చూసింది, ఎవరో చెప్పగా విన్నది వేరువేరుగా రాయండి. చెప్పినవారి పేరు, ఊరు, రాసుకున్న తేదీ తప్పక వేయండి. వాళ్ళ మాటను దిద్దకండి, వాళ్ళ యాసలోనే ఉంచండి. భూమి సంగతి వస్తే తహశీల్దార్ ఆఫీసులో పాత పహాణీతో పోల్చి చూడండి. ఇంకా లోతుకు పోవాలనుకునే వాళ్ళకు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

ప్రతాపరెడ్డి గారు వాడిన కావ్యాలు తాళపత్రాల్లో వందల ఏళ్ళు ఆగాయి. మన ఆధారాలు మాత్రం ఎనభై ఏళ్ళు దాటిన ముసలివాళ్ళు. వాళ్ళు మన కోసం ఎక్కువ కాలం ఆగలేరు. పోటీ పరీక్షకు ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మార్కులు తెచ్చుకోండి, ఉద్యోగాలు సంపాదించండి. దాంతోపాటు ఒక్కొక్కరు ఒక్క ఊరి చరిత్ర రాసినా, వచ్చే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్ గదుల్లోనే ఎన్నో గ్రామాల సాంఘిక చరిత్ర తయారవుతుంది. ఆ పుస్తకంలో మన తాతల పేర్లు ఉంటాయి.