అయస్కాంతపు గది వాకిట

ఎక్స్‌-రే యంత్రమునుండి మీట నొక్కినప్పుడే కిరణములు వెలువడును. మీట విడిచినచో ఆ గదియు తక్కిన గదుల వంటిదే. ఎం.ఆర్.ఐ. యంత్రము అట్టిది కాదు. దానిలోని అయస్కాంతము పగలనక రాత్రియనక పనిచేయుచునే యుండును. రోగులు లేనివేళను, దీపములు ఆర్పినవేళను, కరెంటు పోయినవేళను సైతము దాని బలము తగ్గదు. ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్టుల వృత్తిలోని కష్టమంతయు ఈ ఒక్క విషయమునుండియే పుట్టినది.

మన ఆసుపత్రులలో సామాన్యముగా కనబడు యంత్రముల బలము 1.5 టెస్లా; కొన్నిటిది 3 టెస్లాలు. దిక్సూచి ముల్లును త్రిప్పెడి భూమియొక్క అయస్కాంతశక్తితో పోల్చినచో 1.5 టెస్లా దానికి సుమారు 30,000 రెట్లు. ఇంతటి బలము కొరకు తీగచుట్టను ద్రవ హీలియములో ముంచి, సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో ఉంచుదురు. ఆ చలిలో తీగ విద్యుత్తును ఏమాత్రము అడ్డగింపదు. ఒకసారి ప్రవేశపెట్టిన ప్రవాహము సంవత్సరముల తరబడి తిరుగుచునే యుండును. దేహమునందలి నీటిలోను క్రొవ్వులోను ఉండు హైడ్రోజను కేంద్రకములు ఈ అయస్కాంతమునకు లోబడియుండగా రేడియో తరంగములను పంపుదురు. అవి తిరిగి పంపెడి సన్నని సంకేతములనుండి కంప్యూటరు చిత్రమును కూర్చును. ఎక్స్‌-రే కిరణములతో ఇందు పనిలేదు. కనుక ఇది హాని లేని పరీక్ష యని ప్రజలలో పేరు వచ్చినది. ఆ పేరు సరియైనదే. కాని వాకిట జాగ్రత్త తప్పనంతవరకే.

2018 జనవరిలో ముంబయి నగరమందలి ఒక ఆసుపత్రిలో, రోగికి తోడుగా వచ్చిన బంధువు ఆక్సిజన్ సిలిండరును చేతబట్టుకొని ఈ గదిలో అడుగుపెట్టెను. అయస్కాంతము సిలిండరును, దానితోపాటు అతనిని లాగివేసెను. సిలిండరునుండి వెలువడిన వాయువు పీల్చి అతడు మరణించెను. యంత్రము ఆపియున్నదని సిబ్బంది చెప్పుటచేతనే అతడు లోనికి పోయెనని కుటుంబమువారు ఆరోపించిరి. 2001లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున పరీక్షలో పండుకొనియున్న ఆరేండ్ల బాలుడు, గదిలోనికి తెచ్చిన ఇట్టి సిలిండరే తలకు తగిలి చనిపోయెను. రెండుచోట్లను ఆ సిలిండరు రోగిని కాపాడుటకు తెచ్చినదే.

కావున టెక్నాలజిస్టు పని యంత్రము దగ్గర కాక, వాకిట ప్రారంభమగును. రోగిని కూర్చుండబెట్టి ప్రశ్నలు వేయుదురు. గుండెలో పేస్‌మేకరు ఉన్నదా? మెదడులో రక్తనాళమునకు క్లిప్పు వేసినారా? చెవిలోపల వినికిడి యంత్రము అమర్చినారా? ఎన్నడైనను ఆపరేషను జరిగినదా? ఇప్పటి పేస్‌మేకరులలో కొన్ని తగు నిబంధనలతో ఈ పరీక్షకు అనుకూలమైనవే. అయినను అది ఏ రకమో తెలుపు కార్డు చూడనిదే ఎవరును నిశ్చయింపజాలరు. ఆ కార్డు ఇంటివద్ద బీరువాలో నుండిపోవుట నిత్యము జరుగుచున్నదే. మరునాడు రమ్మనిన రోగి బంధువులు కోపగించుటయు సహజమే.

నగల విషయమున మరింత ఓర్పు కావలెను. నడుము నొప్పితో పల్లెనుండి వచ్చిన ఇల్లాలు చెవికమ్మలు, ముక్కుపుడక, గాజులు, మెట్టెలు తీసి ఇచ్చును. మంగళసూత్రము కడకు వచ్చుసరికి ఆమె చేయి ఆగిపోవును. మేలిమి బంగారము అయస్కాంతమునకు అంటదుగదా యని తోడు వచ్చినవారు వాదింతురు. అది నిజమే. కాని గొలుసు కొక్కెములో ఇనుము ఉండవచ్చును, గొలుసు వేడెక్కవచ్చును, దాని నీడ పడి మెడ చిత్రము చెడిపోవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, మన స్త్రీలు సూత్రమునకే నాలుగైదు పిన్నీసులు తగిలించుకొందురు. అవి ఉక్కువి. అనుభవజ్ఞులైన టెక్నాలజిస్టులు ఇక్కడ శాసింపరు. పసుపుకొమ్ము కట్టిన దారమును మెడలో వేసికొని, సూత్రమును భర్త చేతికో అత్తగారి చేతికో ఇమ్మందురు. "అమ్మా, పావుగంటలో మీ మెడలోనికే వచ్చును" అని చెప్పిన మాట పెద్ద ఉపన్యాసము కంటె పనిచేయును. జరీ చీర మార్చుకొనుట, జడపిన్నులు తీయుట, పిల్లల మొలత్రాటి తాయెత్తు విప్పుట ఇవన్నియు ఈ కోవలోనివే.

ప్రశ్న అడుగుట యొక విద్య. కంటిలో ఇనుపముక్క పడినదా యని అడిగినచో చాలమంది లేదనియే చెప్పుదురు. "ఏమి పని చేయుదురు బాబూ?" అని అడిగినప్పుడు, ఇరువది యేండ్లుగా లేతుపనియో గ్రైండింగుపనియో చేయుచున్నట్లు బయటపడును. ఎన్నడో కంటిలో పడిన రవ్వను తోటివాడు గుడ్డకొనతో తీసినట్లు అప్పుడు జ్ఞప్తికి వచ్చును. లోపల మిగిలిన తునక అయస్కాంతమువలన కదలి కన్ను దెబ్బతినిన ఉదంతము 1986లోనే వైద్యపత్రికలో ప్రకటితమైనది. అట్టివారికి మొదట కంటికి ఎక్స్‌-రే తీయించి, పిదపనే లోనికి పంపుదురు.

ఈ వృత్తిలో ప్రవేశించువారు ఇంటర్మీడియట్ సైన్సుతో చదివి, ఇమేజింగు టెక్నాలజీలో డిప్లొమా గాని డిగ్రీ గాని పొందుదురు. వీరి చదువులకు దేశమంతటికి ఒక్క కొలత చాలకాలము లేకుండెను. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టము ఎం.ఆర్.ఐ. పనివారిని కూడ పేర్కొని, నమోదు పట్టికలను ఏర్పరచవలెనని విధించినది. ఆ చట్టము ప్రకారము అనుబంధ వృత్తికి కనీసము 2,000 గంటల శిక్షణయు, ఆరోగ్యరక్షణ వృత్తికి 3,600 గంటల శిక్షణయు అవసరము. ఎక్స్‌-రే, సి.టి. యంత్రములు అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో నున్నవి. ఎం.ఆర్.ఐ.లో ఆ జాతి కిరణములు లేవు గనుక ఆ పర్యవేక్షణ దీనికి వర్తింపదు. రేడియోగ్రాఫరు ఎదపై ధరించు కొలత బిళ్ల ఇచ్చట దేనినీ చూపదు. అందుచేత చెక్‌లిస్టును నింపి సంతకము చేయుట తంతుగా మారినచోట ఎంతటి సర్టిఫికెటైనను వ్యర్థమే.

రోజు ఆరంభమున హీలియము మట్టము, శీతలయంత్రము సరిచూచి, నీరు నింపిన నమూనాను పరీక్షించి చిత్రము నాణ్యత కనుగొందురు. రోగి బరువు సరిగా వ్రాసికొందురు; దానినిబట్టియే దేహము తాళగల రేడియోశక్తిని యంత్రము లెక్కించును. చేతులు ఒకదానిలో నొకటి కలుపవద్దని చెప్పుదురు. చర్మము చర్మమును తాకి వలయమేర్పడినచో అచ్చట కాలు ప్రమాదము కలదు. చప్పుడు 100 డెసిబెళ్లను మించవచ్చును గనుక చెవులు మూయుదురు. చేతిలో రబ్బరు బంతి నుంతురు. భయము కలిగినచో నొక్కిన చాలును. రంగుమందు అవసరమైనచో మూత్రపిండముల పనితీరును ముందుగా విచారింతురు.

రోగికి లోపల గుండె ఆగినచో? డాక్టర్లను, సిలిండర్లను లోనికి పిలువరాదు. రోగినే ఇనుము లేని బల్లపై బయటికి లాగి, తలుపు మూసి, ఆ తరువాతనే చికిత్స మొదలిడుదురు. ఆ క్షణమున పరుగెత్తివచ్చు డాక్టరును చేయి అడ్డుపెట్టి ఆపుట టెక్నాలజిస్టు విధి. ఆయన ఎంతటి పెద్దవారైనను సరే. అయస్కాంతశక్తిని వెంటనే తొలగించెడి మీట లేకపోలేదు. దానిని నొక్కినచో హీలియము మరగి సుమారు 700 రెట్ల వాయువుగా వ్యాపించును. గొట్టము సరిలేనిచో గదిలో ఊపిరికి గాలి యుండదు. మనిషి ఇరుక్కొనినప్పుడే దానిని తాకుదురు. తక్కిన ఎర్ర మీటకు కరెంటు మాత్రమే ఆగును, అయస్కాంతము ఆగదు.

సాయంకాలము చివరి రోగి వెడలిపోయిన పిదప ఊడ్చెడి మనిషి బకెట్టుతో వచ్చును. ఆమె క్రొత్తగా చేరినదైనచో టెక్నాలజిస్టు బకెట్టు పిడిని, చీపురు కర్రను, ఆమె మొలనున్న తాళపుచెవులను చూచును. "మిషను ఆపినారు గదండీ?" అని ఆమె అడుగును. ఆపలేదనియు, ఆపుట యన్నది లేదనియు చెప్పి, ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి ఇచ్చి, ఆమె పని ముగించువరకు తలుపు దగ్గర నిలిచి, పిమ్మట తాళము వేయుదురు.