ఊరికొకరు... ఆఫీసు ఒకటే

సాయంత్రం ఐదున్నర. పాలకొల్లులో మా డెవలపర్ లాప్‌టాప్ మూసే ముందు నాలుగు ముక్కలు రాసి పెట్టింది. ‘చెల్లింపు పేజీలో కూపన్ వాడితే పన్ను పాత మొత్తం మీదే పడుతోంది. తప్పు ఎక్కడుందో దొరికింది, సరిచేసి స్టేజింగ్‌లో పెట్టాను. మొబైల్‌లో ఇంకా చూడలేదు. కాల్‌లో ఒక్కటి అడగండి సార్, కూపన్ తగ్గింపు డెలివరీ చార్జీకి కూడా ఉందా?’

గంట తర్వాత విజయవాడలో కూర్చుని అమెరికా క్లయింటుతో మాట్లాడాను. అడగాల్సింది అడిగాను, చెప్పాల్సింది చెప్పాను. మధ్యలో ఆమెకు ఫోన్ చేయాల్సిన పని పడలేదు. అప్పుడామె పాపకు అన్నం తినిపిస్తోంది.

వెబ్‌సైట్లు తయారుచేసే మా ఏజెన్సీలో తొమ్మిది మందిమి. కరీంనగర్‌లో ఒకరు, అనంతపురంలో ఒకరు, విశాఖలో ఇద్దరు, ఇలా ఎవరి ఊళ్లో వాళ్లం. ఆఫీసు లేదు. ‘మరి పని ఎలా జరుగుతుంది?’ అని బంధువుల దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అడగనివాళ్లు లేరు. ఆ నాలుగు ముక్కల వల్లే జరుగుతుంది. ఇది అర్థం కావడానికి మాకు రెండేళ్లు పట్టింది.

మాకంటే చాలా ముందే ఈ దారిన నడిచినవాళ్లున్నారు. 1999లో షికాగోలో జేసన్ ఫ్రైడ్ మరో ఇద్దరితో కలిసి 37సిగ్నల్స్ అనే చిన్న వెబ్ డిజైన్ సంస్థ పెట్టాడు. పీహెచ్‌పీ కోడ్‌లో ఒక చిక్కు తెగక ఇంటర్నెట్‌లో సాయం అడిగితే, కోపెన్‌హేగన్‌లో చదువుకుంటున్న డేవిడ్ హైనెమైర్ హాన్సన్ జవాబు రాశాడు. పరిచయం అలా మొదలై అతను అక్కడి నుంచే వీళ్లకు పనిచేశాడు. రెండు ఊళ్లకూ ఏడు గంటల తేడా. క్లయింట్లకు చెప్పిన మాటలు ఈమెయిళ్లలో గల్లంతవుతుంటే తమ కోసం ఒక పనిముట్టు తయారుచేసుకున్నారు. దానిలో ఉన్నవి సందేశాలు, చేయాల్సిన పనుల జాబితా, గడువులు, అంతే. అదే 2004లో బేస్‌క్యాంప్‌గా బయటికొచ్చింది. దాని కోడ్‌లోంచి విడదీసి తీసిందే రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్. ఆ తర్వాత వాళ్లు క్లయింట్ల పనే మానేసి బేస్‌క్యాంప్ మీద బతికారు. పక్కపక్కన కూర్చుని ఉంటే వాళ్లకు ఆ పనిముట్టు అవసరం అంతగా తెలిసేది కాదని నా నమ్మకం.

మాకు ఆ అవసరం తెలిసింది ఒక నగల దుకాణం దగ్గర. యజమాని ఫోన్‌లో ‘బంగారం రేటు రోజూ మారుతుంది కదండీ, సైట్‌లోనూ మారాలి’ అన్నారు. సరేనన్నాను. పొద్దున్నే దుకాణం వాళ్లు రేటు కొడితే అన్ని నగల ధరలూ మారతాయని నేననుకున్నాను. రేటు దానంతటదే వచ్చేస్తుందని ఆయన అనుకున్నారు. ఇక తరుగు, మజూరి సంగతి. నగనగకూ తరుగు వేరని డిజైనరు విన్నాడు, దుకాణమంతటికీ ఒకటేనని డెవలపర్ విన్నాడు. నలుగురం ఒకే కాల్‌లో ఉన్నాం, నాలుగు సైట్లు మా తలల్లో ఉన్నాయి. మూడు వారాల పని ఊరికే మళ్లీ చేశాం. పైగా అది మొత్తానికి ఒకే ధర చెప్పి ఒప్పుకున్న పని. ఆ నెల జీతాలకు నా ఫిక్స్‌డ్ డిపాజిట్ తీశాను. ఆ యజమాని తప్పు ఇందులో ఏమీ లేదు. ఆయన వ్యాపారం ఆయనకు తెలుసు. అడిగి కాగితం మీద పెట్టాల్సింది నేను.

అప్పట్నుంచి ప్రతి కాల్ తర్వాత అదే రోజు ‘మేం ఇలా అర్థం చేసుకున్నాం’ అని ఒక పేజీ పంపుతాం. జవాబు వచ్చేదాకా ఎవరూ కోడ్ ముట్టరు. కొత్తగా ఏదైనా అడిగితే అది పాత ధరలోదా, వేరే లెక్కా అన్నది ఆ పేజీయే చెబుతుంది. డొమైన్, హోస్టింగ్ క్లయింటు పేరు మీదే తీసుకుంటాం. రేపు వాళ్లు మమ్మల్ని వదిలి వెళ్లాలనుకున్నా తాళం వాళ్ల చేతిలోనే ఉండాలి.

సమయం తిప్పలు అందరూ చెప్పేవే. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు. మొదటి ఏడాది అది మరచి క్లయింటును గంటసేపు కూర్చోబెట్టాను. ఇక పన్నుల సంగతి, విదేశీ క్లయింటుకు జీఎస్‌టీ లేకుండా ఇన్‌వాయిస్ పంపాలంటే ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేయాలి. అది మా ఆడిటరు చూసుకుంటారు.

నేను పట్టుబట్టే విషయాలు రెండున్నాయి. పది నిమిషాలకోసారి ఉద్యోగి స్క్రీన్ ఫొటో తీసే సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయి. అవి మాకొద్దు. పని కనబడాలంటే గిట్ ఉంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాసిందే లినక్స్ కోసం తలో దేశంలో ఉన్న ప్రోగ్రామర్లు కలిసి పనిచేయడానికి. ఎవరు ఏ వరుస మార్చారో, ఎందుకు మార్చారో అందులో ఉంటుంది. మనిషిని కాపలా కాయడం దేనికి? రెండోది జీతం. గిట్‌ల్యాబ్ లాంటి సంస్థలు ఉండే చోటును బట్టి జీతం లెక్కగడతాయి. 37సిగ్నల్స్ ఎక్కడున్నా ఒకటే కొలత పెట్టుకుంది. నేను రెండో పక్షం. పాలకొల్లులో అద్దె తక్కువని కోడ్ విలువ తగ్గదు. అలా మిగిలే డబ్బు ఆ అమ్మాయిది, నాది కాదు.

ఇక కరీంనగర్ కుర్రాడి సంగతి. చేరిన కొత్తలో రోజూ ఇంగ్లిషులో ‘పని జరుగుతోంది’ అని ఒకే వాక్యం రాసేవాడు. నాలుగు రోజులూ అదే. ఐదో రోజు ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. మొదటి రోజే ఆగిపోయాడట. అడిగితే ఏమనుకుంటామోనని భయం, రాయాలంటే ఇంగ్లిషు భయం. ఆఫీసులో ఉంటే పక్కవాడు వాడి ముఖం చూసి ‘ఏమైంది తమ్ముడూ’ అనేవాడు. మా దగ్గర ముఖం కనబడదు. నాలుగు రోజులు ఆ పిల్లాడు ఒంటరిగా గోడకేసి తల కొట్టుకున్నాడు, అది నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఆ రోజే మా టీమ్ అందరికీ చెప్పాను. మన మధ్య రాత తెలుగులో ఉండొచ్చు, క్లయింటుకు వెళ్లేదొక్కటే ఇంగ్లిషులో. గంటసేపు ముందుకు కదలకపోతే రాసెయ్యండి. నిజానికి ఇది మొదటి రోజే పెట్టాల్సింది. ‘పని జరుగుతోంది’లు ఒక్కసారిగా ఆగిపోయి, ఏది అర్థమైందో ఏది కాలేదో విడివిడిగా రాయడం మొదలైంది. పాలకొల్లు అమ్మాయి రాసే నాలుగు ముక్కలూ అప్పుడు వచ్చినవే.

అలా చెప్పిన మర్నాడే పదకొండింటికి కరీంనగర్ నుంచి మెసేజ్ వచ్చింది. ‘అన్నా, బొమ్మలు సర్వర్‌కు పోతున్నయి గానీ పేజీలో వస్తలేవు. రెండు తీర్ల చూసిన. పాత్ తప్పా, పర్మిషన్ తప్పా సమజైతలేదు. ఎవరన్న పది నిమిషాలు కూసుంటరా?’

విశాఖ నుంచి ఒకరు అప్పటికే ‘నేనున్నా, స్క్రీన్ చూపించు’ అని రాశారు.